వెలుతురు వైద్యానికి వేళ ఉంది: లేజర్‌కు, లేజర్‌కు మధ్య ఎన్ని వారాలు ఆగాలి?



ఆడపిల్లలు, వారి తల్లులు పక్కన ఎవరూ లేనప్పుడు మమ్మల్ని నెమ్మదిగా అడిగే ఒక విషయం గురించి ఈ నెల తెలుసుకుందాం. అది పైపెదవి మీద, గడ్డం మీద వచ్చే వెంట్రుకల సంగతి. చూసేవారికి ఇది చిన్న విషయమే. కానీ దీనివల్లనే కాలేజీకి వెళ్ళడానికి వెనుకాడే పిల్లలున్నారు. ఆరాధనకు వచ్చినా చివరి వరుసలో ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకొని కూర్చునేవారున్నారు. కనుక దీన్ని సోకు అని తీసిపారేయవద్దు.

మన నార్కట్‌పల్లి హైవే మీదనే ఉంది కాబట్టి హైదరాబాదు వెళ్ళి లేజర్ చేయించుకొనేవారు పెరిగారు. వారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే. "సిస్టరమ్మా, పెళ్ళికి రెండు నెలలే ఉన్నది. వారం వారం పోతే జల్ది అయిపోదా?" అయిపోదు. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం.

వెలుతురు కూడా మందే

పసికందుకు కామెర్లు వస్తే నీలం లైటు కింద పడుకోబెట్టడం మీలో చాలామంది చూసి ఉంటారు. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు ఒక సంగతి గమనించారు. కామెర్లున్న శిశువు ఒంటి మీద ఎండ తగిలిన చోట పసుపు రంగు తగ్గింది, బట్ట కప్పిన చోట అలాగే ఉంది. ఈ విషయాన్ని ఆ ఆస్పత్రి డాక్టర్లు 1958లో ప్రచురించారు. లైటు వైద్యానికి అది దారి చూపింది. వెలుతురు మందు అయినప్పుడు, మందుకు ఉన్నట్టే దానికీ మోతాదు, వేళ ఉంటాయి. పూటకొక మాత్ర రాసిస్తే నాలుగు ఒకేసారి మింగం కదా!

వెంట్రుక పెరిగే తీరు

ప్రతి వెంట్రుకకు మూడు దశలు ఉంటాయి. కొంతకాలం పెరుగుతుంది, తరువాత పెరగడం ఆగుతుంది, ఆ తరువాత విశ్రాంతిగా ఉండి రాలిపోతుంది. అన్ని వెంట్రుకలూ ఒకేసారి ఒకే దశలో ఉండవు.

లేజర్ వెలుతురు వెంట్రుకలోని నల్లరంగును పట్టుకొని వేడిగా మారుతుంది. ఆ వేడి కుదురుకు చేరితేనే అది దెబ్బతింటుంది. పెరిగే దశలో ఉన్న వెంట్రుకే కుదురుకు గట్టిగా అంటుకొని ఉంటుంది. తెల్లబడిన వెంట్రుకలో నల్లరంగు లేదు, కనుక దానిమీద లేజర్ పనిచేయదు.

పత్తి చేనులో కలుపు తీయడం మనకు తెలిసిన పనే. ఈ రోజు మొలిచిన దాన్నే తీయగలం. భూమిలో ఉన్న గింజ ఇంకా మొలవలేదు. మరునాడే మళ్ళీ కూలీలను పెడితే డబ్బు దండుగ. రెండో విడత మొలిచే దాకా ఆగాలి. లేజర్ కూడా అంతే.

ఎక్కడికి ఎన్ని వారాలు?

సాధారణంగా పాటించే గడువులు ఇవి:

1. పైపెదవి, గడ్డం, చెంపలు: 4 నుంచి 6 వారాలు.
2. చంకలు: 6 నుంచి 8 వారాలు.
3. చేతులు, కాళ్ళు, వీపు: 8 నుంచి 10 వారాలు.

చాలామందికి 6 నుంచి 8 విడతలు పడతాయి. పి.సి.ఓ.డి. ఉన్నవారికి ముఖం మీద ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆ తరువాత ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి వెళ్ళవలసి రావచ్చు. లేజర్‌తో వెంట్రుకలు బాగా తగ్గుతాయి, పలుచబడతాయి. ఒక్కటి కూడా మిగలకుండా పోతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు.

లేజర్ అయిన తరువాత ఒకటి నుంచి మూడు వారాల్లో కాలిన వెంట్రుకలు బయటికి వచ్చి రాలిపోతాయి. అవి మళ్ళీ మొలుస్తున్నాయని కంగారుపడి ముందే పరుగెత్తవద్దు. ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే నష్టం లేదు. ముందుగా వెళితేనే నష్టం. డబ్బు పోతుంది, అంతకు మించి చర్మం కోలుకోకముందే మళ్ళీ వేడి తగులుతుంది.

మన చర్మం, మన ఎండ

నల్లరంగు వెంట్రుకలోనే కాదు, మన చర్మంలోనూ ఉంది. లేజర్‌కు ఆ రెండింటి తేడా పూర్తిగా తెలియదు. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు ఎండకు చర్మం ఎలా మారుతుందో చూసి రకాలుగా విభజించారు. ఇప్పుడు వాటిని ఆరుగా లెక్కిస్తారు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాలవారు. ఇలాంటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్.డి.యాగ్ లేజర్ మిగతావాటి కంటే క్షేమం. అది పైచర్మాన్ని అంతగా తాకకుండా లోతుకు వెళుతుంది. ఏ యంత్రంతో చేస్తారో అడగండి. ముందు చెవి దగ్గర చిన్నచోట పరీక్షగా చేసి, కొన్ని రోజులు ఆగి చూడమనండి.

ఎండకు నల్లబడిన చర్మం మీద లేజర్ చేయించుకోకూడదు. ఒక చెల్లె రెండు వారాల తేడాతో రెండు విడతలు చేయించుకుంది. మధ్యలో వారం రోజులు పొలంలో పనిచేసింది. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మా దగ్గరకు వచ్చేసరికి రెండు చెంపల మీద పలకల్లా కాలిన మచ్చలు ఉన్నాయి. అవి పోవడానికి నెలలు పట్టింది. వెంట్రుకలకు సిగ్గుపడిన పిల్ల మచ్చలకు ఏడ్చింది.

ఒళ్ళు ఎండకు నల్లబడితే కనీసం నాలుగు వారాలు ఆగండి.

పెళ్ళి లెక్క

మన సంఘాల్లో శ్రమల దినాలు ముగిసి ఈస్టరు అయ్యాక పెళ్ళిళ్ళు ఎక్కువ. అవి సరిగ్గా మండుటెండల రోజులు. మే నెలలో పెళ్ళి అనుకుందాం. ముఖానికి ఆరు విడతలంటే మధ్యలో ఐదు గడువులు. ఒక్కోటి ఐదు వారాలు వేసుకున్నా 25 వారాలు, అంటే దాదాపు ఆరు నెలలు. అక్టోబరులో మొదలుపెడితే ఏప్రిల్ మొదట్లో పూర్తవుతుంది. కాళ్ళకు, చేతులకు అయితే పది నెలలు కావాలి. పెళ్ళికి చివరి విడతకు మధ్య రెండు మూడు వారాలైనా ఉండాలి. ముహూర్తం దగ్గరపడిందని గడువులు కుదించవద్దు. అంత సమయం లేకపోతే పెళ్ళి అయ్యాకే మొదలుపెట్టండి.

విడతల మధ్య జాగ్రత్తలు

1. థ్రెడింగ్, వాక్సింగ్, పీకడం చేయవద్దు. కుదురుతో పీకితే లేజర్‌కు పట్టు దొరకదు.
2. షేవింగ్ చేసుకోవచ్చు. షేవింగ్‌తో వెంట్రుకలు మందమవుతాయనేది అపోహ.
3. బయటికి వెళితే కొంగు లేదా టోపీ, సన్‌స్క్రీన్ వాడండి.
4. గర్భం ఉంటే వాయిదా వేయండి. వాడుతున్న మందులన్నీ, మొటిమల మాత్రలతో సహా, డాక్టరుకు చెప్పండి.
5. లేజర్ వేళ కళ్ళకు అద్దాలు తప్పనిసరి.
6. బొబ్బ లేస్తే చల్లని నీటి గుడ్డ వేసి వెంటనే డాక్టరుకు చూపించండి. టూత్‌పేస్టు, పసుపు రాయవద్దు.

బొల్లికి లెక్క వేరు

బొల్లి మచ్చలకు, సోరియాసిస్‌కు కూడా లైటు వైద్యం ఉంది. కానీ దాని లెక్క దీనికి పూర్తిగా వేరు. వారానికి రెండు మూడు సార్లు వెళ్ళాలి, అయితే వరుసగా రెండు రోజులు కాదు. సోమ, బుధ, శుక్ర అనుకోండి. మోతాదు కొద్దికొద్దిగా పెంచుతారు. మధ్యలో చాలా రోజులు మానేస్తే మళ్ళీ తగ్గించి మొదలుపెట్టాలి. బొల్లికి ఫలితం తేల్చుకోవడానికి ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. బావంచాల నూనె రాసుకొని ఇంటి దగ్గర ఎండలో కూర్చుంటే బొబ్బలు లేస్తాయి. ఒక మాట మరువకండి, బొల్లి అంటువ్యాధి కాదు, కుష్టు అంతకన్నా కాదు.

ముందు కారణం తెలుసుకోండి

గడ్డం మీద వెంట్రుకలతో పాటు నెలసరి తప్పుతుంటే పి.సి.ఓ.డి. కావచ్చు. కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగి, గొంతు కూడా మారితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. తెల్లబడాలని నెలల తరబడి రాసే స్టెరాయిడ్ క్రీముల వల్ల కూడా ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. లోపలి కారణం అలాగే ఉంటే ఎన్ని విడతలు చేయించినా అవి తిరిగి వస్తాయి.

తల్లులకు ఒక మనవి. బిడ్డ ఈ విషయం అడిగినప్పుడు నవ్వవద్దు, తిట్టవద్దు. ముందు డాక్టరు దగ్గరకు తీసుకురండి. తరువాత ఇంట్లో క్యాలెండరు దగ్గర కూర్చొని వారాలు లెక్కపెట్టండి. క్లినిక్కు వాళ్ళు ముందే రమ్మన్నా, పెళ్ళివారు తొందరపెట్టినా, బిడ్డ చర్మం కోలుకోవడానికి పట్టే వారాలు తగ్గవు.