వంతు నీళ్లు, చివరి పొలం

చిరంజీవి అమ్మలుకు,

మీ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ ఎవరు చెప్పాలన్న దాని మీద మీ గణిత శాఖకూ సైకాలజీ శాఖకూ పొసగడం లేదనీ, ఎటు నిలబడాలో తోచడం లేదనీ రాశావు. మనుషుల మంచిచెడ్డలు తూచే ముందు ఆ తగువు ఎక్కడ పుట్టిందో చూడమ్మా. అది అహంకారంలో కన్నా పంపకంలో పుట్టిందని నా నమ్మకం. అక్కడ 525 గంటల బోధనను ఒక పూర్తికాల విద్యార్థి కింద లెక్కగడతారు. 2018లో నిధుల సూత్రం మారాక కూడా రాష్ట్రమిచ్చే సొమ్ములో పెద్ద వాటా ఆ లెక్క మీదే వస్తోంది. నిండిన సెక్షన్లు చూపించగల శాఖే కొత్త పర్మనెంటు పోస్టు కావాలని గట్టిగా అడగగలదు. కాలవ నీళ్లకు వంతు పెట్టినచోట ఎంతటి నెమ్మదస్తుడైనా గొంతు పెంచుతాడు.

2017 నాటి ఏబీ 705 చట్టం తర్వాత జరిగింది చూడు. అంతకుముందు ప్లేస్‌మెంట్ పరీక్షలో వెనకబడిన పిల్లలను రెమెడియల్ గణితంలో వేసేవారు. ఆ మెట్లన్నీ ఎక్కలేక చాలామంది చదువే మానేసేవారు. యూనివర్సిటీలో చెల్లే స్థాయి గణితం, ఇంగ్లిషు ఏడాదిలోగా పూర్తిచేసే అవకాశాన్ని వీలైనంత పెంచాలని చట్టం ఆదేశించింది. దాంతో గణిత శాఖలు ఏళ్లుగా నమ్ముకున్న రెమెడియల్ సెక్షన్లు తగ్గాయి. ఇంజనీరింగు వైపు వెళ్లనివాళ్లు తీసుకునే స్టాటిస్టిక్సే ఆధారమైంది. సైకాలజీ శాఖల్లోనూ అదే విషయం చెప్పే కోర్సులున్నాయి. నీటిమట్టం పడిపోగానే అందరికీ గట్టు గుర్తొచ్చింది. మనుషులు అప్పుడూ వాళ్లే.

'అయితే పాఠం నాణ్యత ఊసే లేదా?' అని నువ్వడగవచ్చు. ఉంది, తప్పకుండా ఉంది. సంభావ్యత పునాది లేనిదే సూత్రాలు వల్లెవేతగా మిగులుతాయని మీవాళ్లంటారు. ప్రయోగమూ, సేకరించిన వివరాలూ కళ్లముందు లేనిదే ఆ సూత్రాలు దేనికో పిల్లలకు తెలియదని సైకాలజీవాళ్లంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. అందుకే రెండు కోర్సుల అవుట్‌లైన్లూ పక్కపక్కన పెట్టి చదువు. ఏ అధ్యాయం ఎక్కడ బలహీనంగా ఉందో, ఏ యూనివర్సిటీలో ఏ కోర్సు చెల్లుతుందో చెప్పగలిగితే అది విద్యా చర్చ. ఎన్ని సీట్లు ఎవరికన్న దగ్గరే మాట తిరుగుతుంటే నాణ్యత అన్నది పైన కప్పుకున్న దుప్పటి.

పర్మనెంటు కావడానికి నాలుగేళ్ల ప్రొబేషన్, ఈలోగా నోరెత్తడం క్షేమమా అన్న భయం సహజమే. నీ పరిశీలన చేసే కమిటీలో ఉండేది మీ శాఖవాళ్లే అన్నది నేను కొట్టిపారేయను. అయినా మౌనం పక్షం లేకుండా ఉండటం కాదు. నువ్వు మాట్లాడకపోతే గట్టిగా అరిచినవాళ్ల మాటే శాఖ మాట అవుతుంది. పాఠ్యాంశాల విషయంలో అధ్యాపకుల మాటకు బరువుండాలని 1988లోనే ఏబీ 1725 చట్టం అకడమిక్ సెనేట్లకు చోటిచ్చింది. ఆ చోటును సొంత వాటా కోసమే వాడుకుంటే చివరికి తీర్పు డీన్ గదిలో జరుగుతుంది. అందుకని వరండాలో గుసగుసగా ఏమీ అనకు. కరికులం కమిటీలో, పదిమంది ఎదుట, కాగితం చేతిలో పెట్టుకుని, అవతలివాళ్లలో మంచిని ముందు ఒప్పుకుని మాట్లాడు. అలా అన్న మాటకు మీవాళ్లు నొచ్చుకున్నా వంక పెట్టలేరు.

పై పొలాలవాళ్లు కలబడితే ఎండేది చివరి పొలమే. ఇక్కడ చివరి పొలం ఇద్దరిది. సెమిస్టరు మొదట్లో సెక్షను రద్దయితే ఆ మేరకు జీతం పోగొట్టుకునే పార్ట్‌టైం అధ్యాపకుడు ఒకరు, పగలు పనిచేసి సాయంత్రం చదువుకొచ్చే విద్యార్థి ఇంకొకరు. రెండు శాఖలూ పోటీపడి మంగళ, గురువారాల్లో పొద్దున పది గంటలకే స్టాటిస్టిక్స్ పెడితే, సాయంత్రం ఆరింటికి వచ్చే ఆ విద్యార్థికి ఏ శాఖ గెలిచినా ఒకటే. వచ్చే సమావేశానికి వెళ్లేముందు రెండు టైంటేబుళ్లూ ముందేసుకుని, ఆ ఆరు గంటల గడి ఖాళీగా ఉందేమో చూడు. ఉంటే నీ మాట అక్కణ్నించే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న