ఇంటి ఆవరణలో చెట్టు కోత: చెయిన్ రంపం పట్టే ముందు తెలుసుకోవలసినవి

ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటి పెరడంటే వేప, చింత, మామిడి. కొన్ని చోట్ల టేకు, ఇప్ప, తాడి. ఎండాకాలం చివర వీచే ఈదురుగాలులకో, వానాకాలంలో నేల బాగా నానినప్పుడో ఈ చెట్లలో ఏదో ఒకటి ఇంటికప్పు మీదికి గానీ కరెంటు తీగ మీదికి గానీ ఒరుగుతుంది. అప్పుడు ఇంటివారికి మొదట గుర్తుకు వచ్చేది చెట్లు కోసే మిషన్, అనగా చెయిన్ రంపం.

గాలి ఎంత పని చేయగలదో ఈ ప్రాంతవాసులు దగ్గర నుంచే చూశారు. 2024 ఆగస్టు 31న గోదావరికి ఆవల, ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు కొద్దిసేపట్లోనే నేలకూలాయి. అటువంటి గాలి ఊరి మీద వీస్తుందన్న భయం సహజమే. అయితే ఆ భయంతో తొందరపడి మొదలుపెట్టిన కోత, గాలికంటే ఎక్కువ హాని చేయగలదు.

పూర్వం చెట్టు కొట్టడానికి గొడ్డలి, ఇద్దరు లాగే రంపం ఉండేవి. ఆ పని నెమ్మదిగా సాగేది. ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ కోసేవారు తల ఎత్తి కొమ్మలను చూసేవారు. మొద్దులో పుట్టే చప్పుడు వినేవారు. 1929లో జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ తయారుచేసిన పెట్రోలు రంపం 46 కిలోల బరువుండేది. దానికీ ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. నేడు ఇంటి వాడకానికి అమ్మే యంత్రాన్ని ఒక్కడే మోయగలడు, ఒక్కడే నడపగలడు. శ్రమతోపాటు, ఆగి చూసే వ్యవధీ, పక్కన నిలిచి హెచ్చరించే రెండో మనిషీ లేకుండా పోయారు. ఈ రెండింటినీ తిరిగి సమకూర్చుకోవడమే సురక్షితమైన కోతకు మూలసూత్రం. కింది విషయాలన్నీ దానికి వివరణలే.

1. చెట్టంతా నరకడం అవసరమా?

చాలా సందర్భాలలో ప్రమాదం చెట్టుది కాదు, ఒక కొమ్మది. కప్పు మీదికి వంగిన కొమ్మను తీసివేస్తే చెట్టు నిలుస్తుంది, నీడా నిలుస్తుంది. కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదట మానుకు ఒక అడుగు దూరంలో, కొమ్మకు అడుగు వైపు నుంచి కొంత లోతు కోయాలి. తరువాత ఇంకొంచెం బయటకు జరిగి పైనుంచి కోస్తే, కొమ్మ మాను బెరడును చీల్చుకుపోకుండా తెగిపడుతుంది. చివరగా మిగిలిన మొండెను, కొమ్మ పుట్టినచోట ఉబ్బెత్తుగా కనిపించే భాగానికి వెలుపల కోయాలి. ఆ ఉబ్బు భాగమే గాయాన్ని పూడ్చేది. దానిని కోసివేస్తే పుచ్చు మానులోకి దిగుతుంది.

నిచ్చెన మీద నిలబడి గానీ, భుజం ఎత్తు దాటి గానీ చెయిన్ రంపం నడపకూడదు. పై కొమ్మలకు పొడవాటి కర్రకు కట్టిన చేతి రంపమే తగిన సాధనం.

2. అనుమతి

సొంత పెరడులోని చెట్టుకు అనుమతి ఎందుకన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. మహారాష్ట్రలో పట్టణ ప్రాంతపు చెట్లకు 1975 నాటి వృక్ష సంరక్షణ చట్టం వర్తిస్తుంది. సొంత స్థలంలోని చెట్టునైనా అనుమతి లేకుండా నరకడం నేరం. 2021లో చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు, అంతకు పైబడిన వయసు గల చెట్టు వారసత్వ వృక్షంగా పరిగణించబడుతుంది. తాత నాటిన చింతచెట్టు ఈ కోవలోకే రావచ్చు. అనుమతితో నరికిన చెట్టుకు బదులు మొక్కలు నాటే బాధ్యత కూడా చట్టంలోనే ఉంది.

పట్టణం వెలుపలి పల్లెలకు 1964 నాటి చెట్ల నరికివేత నియంత్రణ చట్టం ఉంది. దాని జాబితాలో టేకు, ఇప్ప, చింత, మామిడి, పనస, నేరేడు, చండ్ర, గంధం వంటివి ఉన్నాయి. అంటే పెరడులో సాధారణంగా కనిపించే చెట్లే. షెడ్యూల్డ్ తెగలకు చెందిన భూయజమానులు తమ చెట్లను అమ్మే విషయంలో 1969 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. మధ్యవర్తులు చవకగా కొట్టుకుపోకుండా అది రక్షణ.

సరిహద్దు వాసులు మరొక సంగతి గమనించాలి. తెలంగాణ ఒడ్డున 2002 నాటి వాల్టా చట్టం అమలులో ఉంది. కాళేశ్వరం వైపు ఉన్న బంధువులకు తెలిసిన పద్ధతి సిరొంచలోని చెట్టుకు వర్తించదు. ఇక్కడి అనుమతి అక్కడ చెల్లదు. కోసిన కలపను, ముఖ్యంగా టేకును, వంతెన దాటించాలంటే అటవీశాఖ రవాణా అనుమతి కావాలి. తమ్ముడి ఇంటి తలుపులకే తీసుకువెళ్తున్నా సరే, ఆ కాగితం లేని కలప దొంగ కలపగానే లెక్కలోకి వస్తుంది.

గాలికి దానంతటదే పడిన చెట్టునైనా కదిలించే ముందు ఫోటో తీసి, కార్యాలయానికి తెలియజేయడం మంచిది. నరికిన చెట్టుకూ పడిన చెట్టుకూ తేడా ముక్కలు చేసిన తరువాత నిరూపించడం కష్టం.

3. చెట్టును చదవడం

అనుమతి చేతికి వచ్చాక కూడా యంత్రాన్ని వెంటనే బయటకు తీయనక్కరలేదు. ముందుగా చెట్టు చుట్టూ తీరికగా తిరగాలి.

ఎత్తు: చేయి చాచి ఒక కర్రను నిలువుగా పట్టుకోవాలి. పిడికిలికి పైన ఉన్న కర్ర పొడవు, కంటి నుంచి పిడికిలికి ఉన్న దూరంతో సమానంగా ఉండాలి. పిడికిలి చెట్టు మొదలుకూ, కర్ర కొన చెట్టు చివరకూ సరిపోయేదాకా వెనక్కి నడవాలి. అప్పుడు చెట్టు నుంచి మనిషి నిలిచిన చోటికి ఉన్న దూరమే ఇంచుమించుగా చెట్టు ఎత్తు. అంత దూరంలోపు ఇల్లు, గోడ, పశువుల కొట్టం, తీగ ఏది ఉన్నా ఆ చెట్టును ఒక్కసారిగా పడగొట్టే ఆలోచన మానుకోవాలి. అనుభవజ్ఞులు తాళ్లు కట్టి, పైనుంచి ముక్కలుగా దించవలసిన చెట్టది.

వాలు: మాను ఎటు ఒరిగింది, కొమ్మల బరువు ఎటు ఎక్కువ ఉంది అన్నవి వేరు వేరు ప్రశ్నలు. రెండూ చూడాలి.

లోపలి స్థితి: గొడ్డలి వెనుక భాగంతో తట్టితే డొల్ల మాను బోలుగా మోగుతుంది. డొల్ల చెట్టు అనుకున్న వైపు పడదు. తొర్రలో పాము, కొమ్మకు తేనెపట్టు ఉన్నాయేమో చూడాలి. యంత్రం మోతకు తేనెటీగలు లేస్తే పారిపోయే వ్యవధి కూడా ఉండదు.

ఇనుము: పెరటి చెట్లకు బట్టల తీగలు, మేకులు, కంచె ముళ్లు ఏళ్ల తరబడి కొడుతుంటారు. బెరడు వాటిని మింగివేస్తుంది. తిరుగుతున్న చెయిన్ మేకుకు తగిలితే పళ్లు చెడిపోతాయి, చెయిన్ తెగిపోవచ్చు కూడా. చెట్టు గురించి ఇంటి పెద్దలను అడగడం ఇందుకే అవసరం.

తాడి సంగతి వేరు. దాని మాను గట్టి కర్ర కాదు, నార. అది చెయిన్‌కు చుట్టుకుంటుంది. కింద చెప్పబోయే కోత పద్ధతి దానికి నమ్మకంగా పనిచేయదు. తాడిచెట్టును తెలిసినవారికే వదిలివేయాలి.

4. యంత్రం, ఒంటి రక్షణ

పూర్తి వేగంలో చెయిన్ సెకనుకు దాదాపు 20 మీటర్లు పరుగెడుతుంది. దానికి బట్ట, చర్మం, ఎముక అన్న తేడా లేదు. అందువల్ల ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మోత తగ్గించే మూతలు, చేతి తొడుగులు, ముందు భాగంలో ఉక్కు ఉన్న బూట్లు, చెయిన్‌ను అడ్డుకునే ప్రత్యేకమైన ప్యాంటు అవసరం. లుంగీ, కండువా, చెప్పులతో ఈ పని చేయరాదు.

యంత్రాన్ని నేల మీద ఉంచి, చెయిన్ బ్రేకు వేసి, వెనుక పిడిలో పాదం పెట్టి తొక్కిపట్టి స్టార్ట్ చేయాలి. గాలిలో ఊపుతూ తాడు లాగకూడదు. కోసేటప్పుడు రెండు చేతులూ పిడుల మీద ఉండాలి. ఎడమ బొటనవేలు ముందు పిడిని చుట్టి పట్టుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రంపం ఎదురు తన్నడం. చెయిన్ తిరిగే బద్ద కొసలో పై భాగం దేనికైనా తగిలితే, రంపం రెప్పపాటులో కోసేవాని ముఖం వైపు ఎగురుతుంది. అందువల్ల బద్ద కొసతో కోయకూడదు. తల, మెడ రంపానికి సరిగ్గా వెనుక ఉండకుండా కొంచెం పక్కకు నిలవాలి. పొడి బదులు పెళుకులు రాలుతుంటే చెయిన్ పదునుగా ఉన్నట్టు. పిండిలాంటి పొడి రాలితే ఆకురాయితో పదును పెట్టాలి. మొద్దుబారిన రంపాన్ని బలంగా నొక్కేవాడే అదుపు తప్పుతాడు.

ఎండాకాలంలో ఆకులు రాలిన నేల మీద వేడెక్కిన యంత్రాన్ని పెట్టకూడదు. ఇంజను చల్లారాక పెట్రోలు పోసి, పోసిన చోటు నుంచి కనీసం 3 మీటర్లు జరిగాకే మళ్లీ స్టార్ట్ చేయాలి.

5. కోత క్రమం

ఇది చిన్నపాటి, నిటారైన, గట్టి చెట్టుకు మాత్రమే. మాను రంపపు బద్ద పొడవుకంటే లావుగా ఉంటే కొత్తవారు దాని జోలికి పోరాదు.

ముందుగా, చెట్టు పడవలసిన దిశకు వెనుక, కుడి ఎడమలకు ఏటవాలుగా రెండు తప్పుకునే దారులను శుభ్రం చేయాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలోపు పిల్లలు, పశువులు, చూడవచ్చినవారు ఎవరూ ఉండరాదు. చెట్టు పైభాగాన్ని కనిపెట్టి చూస్తూ చేతితో సైగ చేసే మనిషి ఒకరు ఆ దూరం వెలుపల ఉండాలి. ముందు చెప్పిన రెండో మనిషి ఇతడే.

పడవలసిన వైపు మానులో త్రికోణాకారపు గాటు తీయాలి. దాని లోతు మాను అడ్డకొలతలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు. ఆపైన వెనుక వైపు నుంచి, గాటు అడుగు కంటే కొంచెం ఎత్తులో, అడ్డంగా కోయాలి. ఈ కోత గాటును కలవకూడదు. రెంటి మధ్య అడ్డకొలతలో పదో వంతు కర్ర మిగలాలి. 40 సెంటీమీటర్ల మానుకు గాటు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మిగిలే కర్ర 4 సెంటీమీటర్లు. తలుపును బందు ఎలా తిప్పుతుందో, ఈ మిగిలిన కర్ర చెట్టును అలా ఒకే దిశకు వంచుతుంది. బందు ఊడిన తలుపు ఎటు పడుతుందో చెప్పలేనట్టే, ఈ కర్రను పూర్తిగా కోస్తే చెట్టు ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

రంపం ఇరుక్కోకుండా వెనుక కోతలో చెక్క లేదా ప్లాస్టిక్ మేకులు దిగగొట్టాలి. ఇనుప మేకులు వాడకూడదు. చెట్టు కదలగానే రంపం ఆపి, శుభ్రం చేసిన దారిలో తప్పుకోవాలి. అక్కడే నిలబడి చూడాలన్న కోరికే చాలామందిని గాయపరిచింది.

6. గాలికి పడిన చెట్టు

పడిపోయిన చెట్టు శాంతించినట్టు కనిపిస్తుంది గాని, దాని కొమ్మలు వంచిన విల్లులా ఉంటాయి. వంగిన కొమ్మలో ఒక వైపు నొక్కుకుని, మరొక వైపు సాగి ఉంటుంది. నొక్కుకున్న వైపు కొద్దిగా కోసి, తరువాత సాగిన వైపు మెల్లగా కోయాలి. వేళ్లతో సహా పెకలిన చెట్టు మాను కోయగానే, వేరుగడ్డ మట్టితో సహా గుంటలోకి తిరిగి లేచి కూర్చుంటుంది. దాని వెనుక పిల్లలను ఆడనివ్వకూడదు. మరొక చెట్టు మీద చిక్కుకున్న చెట్టు కింద ఎవరూ నడవరాదు, దానిని ఆపిన చెట్టును కోయరాదు.

తీగ మీద పడిన చెట్టును మహావితరణ్ సిబ్బంది సరఫరా నిలిపామని చెప్పేవరకు ముట్టుకోకూడదు. ఊరంతా కరెంటు పోయిందంటే ఆ తీగలో లేదని అర్థం కాదు. కరెంటు ఫిర్యాదులకు 1912, అటవీశాఖ సహాయానికి 1926, అంబులెన్స్‌కు 108, ఇతర అత్యవసరానికి 112.

గాయమైతే శుభ్రమైన బట్టను మడిచి గాయం మీద బలంగా అదిమిపట్టి ఉంచాలి. తడిసిన బట్ట తీయక, దానిపైనే మరొకటి వేయాలి. 108కు ఫోన్ చేయవలసింది రెండో మనిషే. ఒంటరిగా కోయకూడదన్న నియమానికి ఇదీ ఒక కారణం.

తమను తాము ప్రశ్నించుకోవలసినవి

1. కొమ్మ తీస్తే సరిపోతుందా, చెట్టంతా పోవాలా?
2. అనుమతి కాగితం చేతిలో ఉందా? కలప వంతెన దాటవలసి ఉందా?
3. చెట్టు ఎత్తు కొలిచామా? అంత దూరంలోపు ఏముంది?
4. తప్పుకునే దారి ఏది? కనిపెట్టి చూసే మనిషి ఎవరు?
5. బందుగా ఎంత కర్ర మిగల్చాలి?

ఈ ఐదింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా, ఆ రోజుకు యంత్రాన్ని తిరిగి లోపల పెట్టడమే వివేకం. చెట్టు రేపటికీ ఉంటుంది. కోసేవాడు కూడా ఉండాలి.