వరద తగ్గిన పిమ్మట

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరికి కుడివైపున, అడవికిని నదికిని నడుమ బూర్గంపాడు ఉన్నది. 1953వ సంవత్సరమున ఏర్పడిన ఖమ్మం జిల్లాలో చిరకాలము చేరియుండి, 2016 అక్టోబరు 11వ తేదీన ఇది క్రొత్త జిల్లాలోనికి వచ్చినది. దీనికి చేరువనే కిన్నెరసాని గోదావరిలో కలియుచున్నది. గోదావరి నిండుగా పాఱునపుడు కిన్నెరసాని నీటికి దారి దొరకదు. అది వెనుకకు ఎగదన్ని పల్లపు ప్రాంతములలోనికి వచ్చును. అందుచేత భద్రాచలము వద్ద నీటిమట్టము ఎన్ని అడుగులున్నదను వార్తకు ఇచ్చటివారు వానకాలమంతయు చెవియొగ్గి యుందురు. 43 అడుగులకు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు వెలువడును. ఆ మట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది.

అట్టి సమయమున జనులు ముందుగా ప్రాణములను, పశువులను, ధాన్యమును కాపాడుకొందురు. మంచములు, బల్లలు, పెట్టెలు, బీరువాలు ఇంటనే మిగిలిపోవును. నీరు తీసిన పిమ్మట తలుపు తెఱచినచో గోడమీద నీటిగీత, నేలమీద బురద, ఊడిన కాళ్లతో ప్రక్కకు ఒఱిగిన బల్ల కానవచ్చును. అన్నియు పాఱవేయవలసినదే యని మనసు క్రుంగును. కాని క్రొత్తవి కొనుటకు చేత పైకము లేని కాలమది. ఏది పోయినది, ఏది నిలుచును అని గుర్తింపగల తెలివియే అప్పుడు ఆ కుటుంబమునకు గొప్ప ఆస్తి.

ఆ తెలివికి మొదటి మెట్టు కఱ్ఱ స్వభావమును ఎఱుగుట. ఈ అడవులలో టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి మొదలగు వృక్షములు పెరుగును. చెట్టు మానులో నడిమి భాగమును చేవ యందురు. చేవచుట్టును ఉండు లేతరంగు చెక్క మెత్తనిది; పురుగు దానినే ముందుగా తినును. టేకు చేవలో సహజముగా నూనెవంటి పదార్థములు ఉండుటచే చెదలు దానిని సులభముగా ముట్టవు. మామిడిచెక్కకు ఆ బలము లేదు. కావున నీట నానిన పెట్టెను చూచిన వడ్రంగి మొదట దాని మెఱుగును చూడడు. గోటితోనో ఉలికొనతోనో గ్రుచ్చి చేవను పరీక్షించును.

"నాయనా, ఇది మా అత్తగారినాటి పెట్టె. పొయ్యిలోనికి తప్ప మఱి దేనికైనను పనికివచ్చునా?" అని ఇంటి ముదుసలి అడిగినచో, చేయి తిరిగిన వడ్రంగి ఇట్లు సమాధానము చెప్పును: "అవ్వా, అడుగుపలక మామిడిది; అది పోయినది. నాలుగు ప్రక్కలును టేకు చేవ. అడుగు ఒక్కటి మార్చినచో నీ మనుమరాలి పెండ్లికి కూడ ఇది నిలుచును."

కఱ్ఱ నీటిని పీల్చినపుడు ఉబ్బును, ఆఱినపుడు ముడుచుకొనును. ఈ మార్పు నారకు అడ్డముగా ఎక్కువ. నార పొడవున మిక్కిలి స్వల్పము. తడిసిన సొరుగు బిగిసికొని బయటికి రాకుండుటకు కారణమిదియే. దానిని బలముగా లాగినచో విఱుగును. ఆఱువఱకు ఓపిక పట్టినచో తనంతట తానే వదులగును. ఆఱబెట్టుటలోను తొందర తగదు. మండుటెండలో పెట్టినచో పైపొర త్వరగా ఆఱి ముడుచుకొనును. లోపలి చెక్క ఇంకను తడిగానే యుండును. ఆ పెనుగులాటలో చెక్క నెఱ్ఱెలు విచ్చును, పలక వంగును. కావున బురద గట్టిపడకముందే మంచినీటితో కడిగి, గాలి ఆడు నీడలో, నేలకు తగులకుండ ఇటుకలమీద ఎత్తి పెట్టవలెను. దళసరి చెక్క లోపలిదాక ఆఱుటకు వారములు పట్టును.

పూర్వపు సామానులకు పశువుల చర్మమునుండి కాచిన బంకను వాడెడివారు. ఆ బంక నీటికి మెత్తబడును. వరదలో కుర్చీల అతుకులు ఊడిపోవుటకు తఱుచుగా కారణమదియే. కఱ్ఱ పాడగుట కాదు. అట్టి కుర్చీని విడదీసి, పాత బంకను గీచి, క్రొత్త బంక పూసి బిగించి కట్టినచో మఱల గట్టిపడును. అయితే అన్నిటిని నిలుపవలెనని పట్టుపట్టుటయు అవివేకమే. రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు నీట ఉబ్బినచో తిరిగి పూర్వరూపమునకు రావు. మురికినీట నానిన దూదిపఱుపును ఉంచుకొనుట రోగమును ఇంట నిలుపుకొనుటయే. నులకమంచము సంగతి వేరు: కుళ్లిన నులకను విప్పివేసి, కోళ్లను, పట్టెలను కడిగి ఆఱబెట్టి, క్రొత్త నులక అల్లినచో అది క్రొత్త మంచమే యగును.

కఱ్ఱ ఆఱిన తరువాత మెఱుగు పెట్టు పని వచ్చును. ముందుగా గరుకు కాగితముతో నారవెంట రుద్దవలెను. అడ్డముగా రుద్దినచో గీతలు పడును. మెఱుగునకు వాడు లక్కను అడవియే ఇచ్చుచున్నది. మోదుగ, రేగు, కుసుమ మొదలగు చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు తన దేహమునుండి స్రవింపజేయు పదార్థమే లక్క. దానిని శుభ్రపఱచి, కరగించి, పలుచని రేకులుగా చేయుదురు. ఆ రేకులను స్పిరిటులో కరగించి, గుడ్డ ఉండతో పలుచగా అనేక పర్యాయములు పూయుదురు. స్పిరిటు ఆవిరియై పోగా లక్క పొర నిలుచును. నీరు తగిలి తెల్లబాఱిన పాత లక్క పూత మఱల స్పిరిటు తగిలినచో కరుగును గనుక దానిని సరిదిద్దుట సులభము. అవిసెనూనె తీరు మఱియొకటి: అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును, ఆ చర్యలో వేడి పుట్టును. అందుచే ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వేయరాదు. తమంతట తామే అంటుకొనవచ్చును. వానిని విడివిడిగా పఱచి ఆఱవేయవలెను.

సామాను బాగుపడినను గోడ చెమ్మగా నున్నచో గది బాగుపడదు. మట్టిగోడ కూలినచోట అదే మట్టిని గడ్డితో కలిపి త్రొక్కి పూడ్చుట మేలు. సిమెంటు అతుకు మట్టితో కలియక, లోపలి తేమను బంధించి, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడును. గోడ ఆఱిన పిమ్మట సున్నము వేయుదురు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చగా బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. దానిపై నీరు పోసినచో బుసబుస పొంగి కాగును. కంట పడినచో చూపునకే ప్రమాదము. కావున పిల్లలు దూరముగా ఉండవలెను. గోడకు పూసిన తడిసున్నము గాలిలోని ఆ వాయువునే మఱల గ్రహించి తిరిగి రాయివంటి పొరగా మాఱును. సున్నమునకు గల క్షారగుణముచే బూజు త్వరగా పట్టదు. కొంచెము తుమ్మజిగురు కలిపినచో పూత అంటుకొనును. చిటికెడు నీలిమందు తెలుపునకు కాంతి నిచ్చును. తెల్లని గోడ వెలుగును త్రిప్పికొట్టుటచే ఇఱుకు గదియు విశాలముగా తోచును. నేలను ఎఱ్ఱమట్టితోను పేడతోను అలికి ముగ్గు పెట్టినచో ఇల్లు మఱల ఇల్లైనదని మనసునకు ధైర్యము కలుగును.

సామానులను తిరిగి సర్దుటలోను ఆలోచన వలయును. బీరువాను గోడకు ఆనించక జానెడు ఎడముగా ఉంచినచో వెనుక గాలి ఆడును. కాళ్లక్రింద రాతిపలకలు పెట్టినచో చెమ్మయు చెదలును పైకి ఎక్కుట తగ్గును. పొలము పట్టాలు, చదువు పత్రములు క్రింది అఱలో గాక అటకమీద ఉంచుట, తిరిగి రాబోవు వరదకు నేటినుండియే సిద్ధపడుట.

ఈ ఓర్పు పల్లెటూళ్లకు మాత్రమే చెందినది కాదు. 1966 నవంబరు 4వ తేదీన ఇటలీ దేశమున ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరమును ముంచినది. వసారి అను చిత్రకారుడు పదునాఱవ శతాబ్దమున ఐదు కఱ్ఱపలకలపై చిత్రించిన 'కడపటి విందు' పండ్రెండు గంటలకు పైగా నీట నానినది. పలకలు ముడుచుకొనుచుండగా పైనున్న రంగు ఊడునను భయము కలిగినది. దానిని బాగుచేయు మార్గము కనుగొనుటకు దశాబ్దములు పట్టినది. 2016లో, వరద వచ్చిన ఏబది సంవత్సరములకు, ఆ చిత్రము మఱల ప్రజలకు దర్శనమిచ్చినది. ఆ మహాచిత్రమునకును, బూర్గంపాటి ఇంటిలోని పెట్టెకును వెలలో పోలికలేదు. కాని నీరు కఱ్ఱకు చేయు హానియొక్కటే, దానికి మందును ఒక్కటే: కారణము నెఱిగి, తొందరపడక పనిచేయుట.

సంతలో క్రొత్త బల్ల దొరకవచ్చును. కాని ఒక టేకుచెట్టు చేవ పట్టుటకు ఎన్నో యేండ్లు కావలెను. పాత బల్లను బాగుచేసినవారు తమ పైకమును మిగుల్చుకొనుటయే గాక, ఒక చెట్టును అడవిలో నిలిపినవారును, ఒక వడ్రంగికి ఊరిలోనే పని చూపినవారును అగుదురు.

ప్రశ్నలు

1. తడిసిన కఱ్ఱసామానును ఎండలో ఆఱబెట్టరాదనుటకు కారణమేమి?
2. గోడకు పూసిన సున్నము రాయివంటి పొరగా ఎట్లు మాఱును?
3. వరదలో తడిసిన వస్తువులలో ఎట్టివానిని నిలుపుకొనవచ్చును? ఎట్టివానిని విడువవలెను?
4. మీ ఇంటనున్న ఒక పాత వస్తువును పరిశీలించి, అది ఏ కఱ్ఱతో చేయబడినదో, దానికి ఎట్టి మరమ్మతు కావలెనో పెద్దల నడిగి వ్రాయుడు.