వయసు పెరిగింది, మరి మనసు?



పని నుండి అలసి వచ్చిన తండ్రికి అన్నం వడ్డించడం ఆలస్యమైంది. కంచం విసిరికొట్టాడు. మూలన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న ఏడేళ్ళ కొడుకు తలెత్తి చూశాడు. మరునాడు ఆ పిల్లవాడు కోపం వచ్చి చెల్లెలి పుస్తకాన్ని అలాగే విసిరాడు. తండ్రి వాణ్ణి కొట్టాడు. ఇప్పుడు చెప్పండి, ఆ ఇంట్లో పెద్దవారెవరు?

వయసు దానంతటదే వస్తుంది. పెద్దరికం సాధనతో రావాలి. తిరుసభ నాలుగు మూల సుగుణాలను బోధిస్తున్నది: వివేకము, న్యాయము, ధైర్యము, మితత్వము. మితత్వమంటే తిండి, మద్యం తగ్గించుకోవడం మాత్రమే కాదు. కోపాన్ని అదుపు చేసే సాధుత్వాన్ని కూడా పునీత తోమాసు అక్వినాసు వారు దీని కిందనే చేర్చారు. అయితే కోపమంతా పాపమని ఆయన అనలేదు. బుద్ధి ముందు నడిచి కోపం వెనుక నడిస్తే అది న్యాయానికి తోడ్పడుతుంది. కోపమే ముందు నడిస్తే మిగిలేది పశ్చాత్తాపమే.

యోహాను సువార్త 18వ అధ్యాయం చదవండి. ప్రధానార్చకుని ఎదుట ఒక భటుడు ప్రభువును చెంపపై కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు, తల వంచుకొని ఊరుకోనూ లేదు. తన మాటలో తప్పుంటే చూపమన్నారు, లేకుంటే ఎందుకు కొట్టావని అడిగారు. ఆత్మనిగ్రహం అంటే ఇది. ఇంట్లో దెబ్బలు తింటున్న సోదరీమణులారా, మౌనంగా భరించడమే సుగుణమని ఎవరైనా చెబితే ఈ ఘట్టాన్ని గుర్తుచేయండి.

"పుట్టుకతోనే నాకు కోపం ఎక్కువ ఫాదర్, ఏం చేయను?" అంటారు కొందరు. పునీత ఫ్రాన్సిస్ సలేసు (1567-1622) వారిది కూడా త్వరగా ఉడికే స్వభావమేనని ఆయన చరిత్రకారులు చెబుతారు. ఏళ్ళ తరబడి ప్రార్థనతో, సాధనతో ఆ జెనీవా పీఠాధిపతి సాత్వికతకు మారుపేరయ్యారు. 1846లో విశాఖపట్నం చేరిన మిషనరీలు ఆయన పేరిట వెలసిన సభవారే.

కనుక ఈ వారం మూడు పనులు చేద్దాం. కోపం వచ్చినప్పుడు బదులు చెప్పే ముందు మనసులో ఒక పరలోక జపం చెప్పుకుందాం. పిల్లల ఎదుట తప్పు చేస్తే, వారి ఎదుటనే క్షమాపణ అడుగుదాం. రాత్రి కుటుంబ జపమాలకు ముందే గొడవను పరిష్కరించుకుందాం. ఆశానిగ్రహం పవిత్రాత్మ ఫలం. దానికోసం అడుగుదాం, అడిగిన దానికోసం పాటుపడదాం.

ప్రభువు మీ కుటుంబాలను దీవించుగాక!