ఐ3 విండో మేనేజర్: చేయవలసినవి, చేయకూడనివి

విండోలు ఒకదానిమీద ఒకటి పడకుండా తెరంతా పక్కపక్కన సర్ది, మౌస్‌తో పెద్దగా పనిలేకుండా కీబోర్డుతోనే నడిపించేది ఐ3. లినక్స్ కోసం మైకేల్ స్టాపెల్‌బెర్గ్ 2009లో విడుదల చేశారు. చాలా తేలికైనది. అయితే స్క్రీన్ లాక్, బ్యాటరీ హెచ్చరిక లాంటివి గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్ తనంతట తానే చూసుకుంటుంది. ఐ3లో ఆ బాధ్యత మనదే. అందుకే ఈ జాగ్రత్తలు.

చేయవలసినవి

• పాత డెస్క్‌టాప్‌ను అలాగే ఉంచండి. ఐ3ని అదనంగా ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ తెరలో సెషన్ మార్చుకోండి. ఏదైనా తేడా వస్తే పాతదాంట్లోకి వెళ్లి పని చూసుకోవచ్చు.

• మొదటిసారి మాడ్ కీ (షార్ట్‌కట్లకు ముందు నొక్కే కీ) ఏది కావాలని అడిగితే విండోస్ కీ ఎంచుకోండి. ఆల్ట్‌ను వేరే ప్రోగ్రాములు ఎక్కువగా వాడుకుంటాయి.

• ఈ షార్ట్‌కట్లు కాగితంమీద రాసి పెట్టుకోండి: మాడ్+ఎంటర్ నొక్కితే టెర్మినల్, మాడ్+డి నొక్కితే ప్రోగ్రాముల మెనూ వస్తాయి. మాడ్+షిఫ్ట్+ఆర్ నొక్కితే విండోలు పోకుండానే ఐ3 రీస్టార్ట్ అవుతుంది.

• ఐ3 సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో చేయి పెట్టేముందు కాపీ తీసి దాచండి. మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ రీలోడ్ చేసి చూడండి. తప్పుంటే తెరపై ఎర్ర పట్టీ వస్తుంది.

• స్క్రీన్ లాక్ కోసం ఐ3లాక్, ఎక్స్ఎస్ఎస్-లాక్ రెండూ ఇన్‌స్టాల్ అయ్యాయో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి లేపి పరీక్షించండి. ఒకే రంగు నిండిన ఖాళీ తెర కనిపిస్తే హ్యాంగ్ అయిందని కంగారు పడకండి. లాక్ అదే; పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి.

• తెలుగు టైపింగ్‌కు ఐబస్ వాడేవారు, అది దానంతటది మొదలుకాకపోతే కాన్ఫిగ్‌లో దాన్ని మొదలుపెట్టే ఎగ్జెక్ లైను ఒకటి చేర్చండి.

చేయకూడనివి

• ఎవరిదో కాన్ఫిగ్‌ను చదవకుండా తెచ్చి వేసుకోవద్దు. అందులోని ఎగ్జెక్ లైన్లు మీ ఖాతాకున్న అధికారంతోనే నడుస్తాయి. మీ ఫోటోలూ పత్రాలూ వాటి చేతికి అందుతాయి. అర్థంకాని లైను ఒక్కటి కూడా ఉంచొద్దు.

• కాన్ఫిగ్ ఫైలును సుడోతో సృష్టించొద్దు. అది రూట్ పేరున పడితే మామూలుగా సేవ్ చేయలేరు.

• పని సేవ్ చేయకుండా మాడ్+షిఫ్ట్+ఇ నొక్కి, అడిగినదానికి సరే అనొద్దు. సెషన్‌తోపాటు తెరిచి ఉన్నవన్నీ మూతపడతాయి.

• బ్యాటరీ అయిపోయేముందు ఐ3 చెబుతుందని నమ్ముకోవద్దు. ఐ3స్టేటస్ బార్‌లో శాతం చూపిస్తుంది, అంతే. హెచ్చరిక కావాలంటే డన్‌స్ట్ లాంటి నోటిఫికేషన్ ప్రోగ్రామునూ, బ్యాటరీని కనిపెట్టి ఉండే స్క్రిప్టునూ విడిగా పెట్టుకోవాలి.

• పరీక్షకో, ఆఫీసు గడువుకో ముందురోజు కాన్ఫిగ్ మార్చొద్దు.

• షార్ట్‌కట్లు పనిచేయలేదని వెంటనే పవర్ బటన్ నొక్కిపట్టొద్దు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3తో టెక్స్ట్ కన్సోల్‌కు వెళ్లి లాగిన్ అవండి. దాచిన కాపీని కాన్ఫిగ్ స్థానంలో పెట్టి, రీబూట్ కమాండ్ ఇవ్వండి.