కాలువగట్టు – సైకిలు బాట

నదీతీరమునగాని కాలువగట్టునగాని తీరికవేళ సైకిలు త్రొక్కుట ఆరోగ్యమును, ఉల్లాసమును గూడ నొసగును. అందుకు క్రొత్త రోడ్డు అక్కరలేదు. పడవల నాటి పాత బాటయే చాలును.

ఐరోపాలో ఆవిరి ఓడలు రాకపూర్వము, డాన్యూబు నదిలో ప్రవాహమునకు ఎదురేగు పడవలను గుఱ్ఱములు ఒడ్డున నడచుచు త్రాళ్ళతో లాగెడివి. ఆ గుఱ్ఱపు బాటలలో పెక్కు నేడు సైకిలు బాటలైనవి. జర్మనీలోని పస్సౌ నుండి ఆస్ట్రియా రాజధానియగు వియన్నా వరకు 300 కిలోమీటర్లకు పైగా నది వెంబడి పోవచ్చును. దారి దిగువకు సాగుటచే శ్రమ తక్కువ. వృద్ధులు, పిల్లలు సయితము పోగలరు. వారు బసచేయుటచే తీరగ్రామములకు ఆదాయము కలుగుచున్నది.

మన గోదావరి డెల్టాలోను అట్టి గట్లు కలవు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప అచటి కాలువలలో సరకుల పడవలు విరివిగా నడచెడివి. పడవవారు గట్టుపై నడచుచు వానిని త్రాళ్ళతో లాగెడివారు.

ఇట్టి గట్లున్న గ్రామముల పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని గలవు. గట్టుపై చెత్త పోయనీయరాదు. గోతులు పూడ్పించుటకు ముందు నీటిపారుదల శాఖ అనుమతి పొందవలెను. గట్టు తెగినచో పొలములు మునుగును. తూములు, వంతెనల వద్ద దిగి నడువవలెనని బోర్డు పెట్టింపవలెను; అచట జారిన బిడ్డ నేరుగా నీటిలో పడును. రైతుల బండ్లకు దారి విడుచు పద్ధతిని గ్రామసభలో ముందే నిర్ణయించినచో తగవులుండవు.