ఆటల పీరియడ్‌ను ఎవరికీ అప్పివ్వకండి

జూన్‌లో బడి తెరిచాక టైంటేబుల్ రాసేటప్పుడు లెక్కలు, ఇంగ్లిషు, సైన్సు సర్దగా మిగిలిన గళ్ళలో ఆటలు వేయడం మన బళ్ళలో పాత అలవాటు. ఆ బాధ్యత ఈసారి మీ మీద పడితే ముందు ఆటల గళ్ళు నింపి, తర్వాత మిగతావి రాయండి. సమతులాహారం గురించి పాఠం సైన్సు పుస్తకంలో ఉంది, పటం గోడ మీద ఉంది. పిల్లలకు విషయం తెలుసు. తెలిసిన దాన్ని పాటించే వీలు వాళ్ళ రోజులో లేదు. ఆ రోజును మార్చగలిగేది టైంటేబుల్ రాసేవాళ్ళు, వంటగది చూసేవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు. అంటే మీరే.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంట్లో వేడి పుట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క పీరియడ్‌తో అది తీరదు. అందుకే ఉన్న పీరియడ్‌ను కాపాడుకోవాలి. సిలబస్ మిగిలిందని లెక్కల మాస్టారు అడుగుతారు, యూనిట్ టెస్ట్ ఉందని ఇంకొకరు అడుగుతారు. సంక్రాంతి దాటితే పదో తరగతికి ఆటలే ఉండవు. స్టాఫ్ మీటింగ్‌లో మొదటిరోజే చెప్పేయండి, ఆ పీరియడ్ ఎవరికీ ఇవ్వబోమని. పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చునే పదో తరగతి పిల్లలకే అది అందరికన్నా ఎక్కువ అవసరం.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక మాట. మండలం పోటీలకు కబడ్డీ జట్టును తయారు చేయడం మీ పనిలో ఒక భాగం మాత్రమే. ఆ పన్నెండు మంది ఆడుతుంటే మిగతా వందమంది గట్టు మీద కూర్చుంటే అది ఆటల పీరియడ్ అనిపించుకోదు. చిన్న చిన్న గుంపులు చేయండి. ఒక మూల ఖోఖో, ఒక మూల తాడాట, ఇంకో మూల తొక్కుడుబిళ్ళ. గ్రౌండ్ లేని బడిలో వరండా, మెట్లు, నాలుగు తాళ్ళు చాలు. ఎండాకాలం దగ్గరపడితే ఆటల్ని ఉదయపు పీరియడ్లలోకి జరపండి. తాగే నీళ్ళు అందుబాటులో పెట్టి, నీడలో ఆడించండి.

ఎనిమిదో తరగతి వచ్చేసరికి ఆడపిల్లలు చెట్టు కింద చేరిపోతారు. వాళ్ళకు ఆసక్తి లేదని అనుకోవడం మనకు తేలిక. మగపిల్లలు గ్రౌండంతా ఆక్రమించడం, చుట్టూ చూసే కళ్ళు, నీళ్ళు రాని మరుగుదొడ్డి, నెలసరి భయం, ఇవీ అసలు కారణాలు. వారంలో కొన్ని రోజులు గ్రౌండ్ వాళ్ళకే రాసివ్వండి. ఒక టీచరమ్మ దగ్గర ఉండి వాళ్ళతో కలిసి ఆడితే ఇంకా మంచిది. చున్నీ నడుముకు బిగించి ఆడినా ఆటే. దుస్తుల పేరుతో ఎవరినీ పక్కన పెట్టొద్దు.

ఇంకొకటి, దీనిమీద నాకు రాజీ లేదు. ఆలస్యంగా వచ్చినందుకు గ్రౌండ్ చుట్టూ పరుగు, హోంవర్కు చేయనందుకు గుంజీళ్ళు. పరుగును శిక్షగా వాడితే పిల్లవాడు జీవితాంతం పరుగును ద్వేషిస్తాడు. పైగా 2009 విద్యాహక్కు చట్టం శారీరక శిక్షను నిషేధించింది.

ఇక బడిలో మధ్యాహ్న భోజనం. పీఎం పోషణ్ కొలతలు కంఠతా వచ్చి ఉండాలి: ప్రాథమిక తరగతుల్లో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75. అంటే ఆ పెద్ద తరగతుల్లో అరవై మంది తింటే పప్పు 1.8 కిలోలు, కూరగాయలు 4.5 కిలోలు పొయ్యి ఎక్కాలి. ఈ లెక్క వంటగది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పప్పు నీళ్ళగా ఉందని వంటచేసే అక్కల మీద కేకలు వేసే ముందు తూకం చూడండి, తర్వాత బిల్లు చూడండి. బిల్లులు ఆలస్యమైతే వాళ్ళు కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతారు. హాజరు లెక్కలు, బిల్లులు వేళకు పంపడం, రాకపోతే మండలం ఆఫీసు చుట్టూ తిరగడం కూడా పిల్లల పోషకాహారం పనే.

వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలన్నది నిబంధన. అక్కడితో ఆగకుండా పిల్లల వరుసలో కూర్చుని తినండి. మీరు అదే పప్పు, అదే ఆకుకూర తింటుంటే వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తిన్నాక చెత్త బకెట్‌లోకి తొంగిచూడండి. అందులో రోజూ ఏ కూర మిగులుతోందో ఆ కూర వండే తీరు మార్చాలి. కాకర ముక్కలు పారేసే పిల్లలు మునగాకు వేసిన పప్పు తింటారు. ఆవరణలో మునగ, కరివేపాకు, నిమ్మ నాటితే ఖర్చు తక్కువ. అన్నంలో పిండిన నిమ్మరసం ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను రిజిస్టరులో టిక్కు పెట్టే పనిగా చూడకండి. పరగడుపున ఇవ్వొద్దు, భోజనమయ్యాక దగ్గరుండి మింగించండి. మలం నల్లగా వస్తుందని, అది మామూలేనని ముందే చెప్పండి. చెప్పకపోతే ఒక్క పిల్ల భయపడినా వచ్చే వారం తరగతంతా మాత్ర పారేస్తుంది.

కోడిగుడ్డు తినని పిల్లలుంటే అరటిపండు లాంటిది చూడండి, ఆ బిడ్డను నలుగురిలో ప్రశ్నించకండి. ఎవరినీ బండోడు, బక్కోడు అని పిలవొద్దు, పిలవనివ్వొద్దు.

గేటు బయట బడ్డీ కొట్టు సంగతి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలను బడిలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. కానీ ఆ కొట్టు నడిపేది తరచు మన బడి పిల్లవాడి నాయనమ్మే. నియమం చూపించి బెదిరించే ముందు వెళ్ళి మాట్లాడండి. జామకాయలు, ఉడికించిన వేరుశనగ, బఠాణీలు, పల్లీపట్టీ పెట్టమనండి, స్టాఫ్‌రూముకు కావలసినవి కూడా అక్కడే కొనండి. పుట్టినరోజుకు చాక్లెట్లు పంచే అలవాటును అరటిపళ్ళకో పల్లీపట్టీకో మార్చండి. ప్రైజులుగా బిస్కెట్ ప్యాకెట్లు ఇవ్వకండి. పిల్లలతో కూల్‌డ్రింకు తెప్పించుకోకండి.

ప్రైవేటు బడిలో పనిచేసేవాళ్ళకు గ్రౌండ్ మీద, క్యాంటీన్ మీద అధికారం తక్కువ. అయినా పేరెంట్స్ మీటింగ్ మీ చేతిలోనే ఉంటుంది. తినేవాటిలో, తాగేవాటిలో చక్కెర ఎంత ఉందో చూపే చక్కెర బోర్డులు సీబీఎస్‌ఈ బళ్ళు పెట్టాలని 2025లో ఆదేశం వచ్చింది. యాజమాన్యంతో మాట మొదలుపెట్టడానికి అది మంచి ఆధారం.

జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి ఎత్తు, బరువు తీయండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, అంకె పైకి చదవకుండా రాసుకోండి. ఎవరి బరువు పెరగలేదో, ఎవరు రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారో ఒక జాబితా చేసుకోండి. బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చిన రోజున ముందుగా ఆ పిల్లల్ని చూపించండి, తర్వాతే మిగతా వరుస.